హోసూరులో వదిలి వచ్చిన నీళ్లు

హోసూరును చూడటానికి ఎవరూ వెళ్లరు. ఫ్యాక్టరీ పనికి వెళతారు, లేదా బెంగళూరు పోతూ బస్సు కిటికీలోంచి చూస్తారు. కల్లావికి ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. నేను ఈ రెండు ఊళ్లకూ వెళ్లడానికి కారణం నా భార్య విమల. కల్లావి ఆమె పుట్టిన ఊరు, హోసూరులాగే తమిళనాడులో ఉన్నా తెలుగు మాట్లాడే ఇళ్లున్న ఊరు. ఆమె అన్న కూతురు రేణుక ఆ ఊళ్లోనే కోడలు. రేణుకకు తల్లి లేదు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. ఒకసారి వేరే ఊళ్లో ఐవీఎఫ్ చేయించుకుంటే ఫలించలేదు. రెండోసారి హోసూరులో చేయించుకునేటప్పుడు తోడు వస్తానని విమల మాటిచ్చింది. పోయిన ఏడాది విమల చనిపోయింది. రేణుక నుంచి ఫోను వచ్చినప్పుడు ఆమె బదులు నేను బయలుదేరాను. ఒంగోలులో లైబ్రేరియన్‌గా రిటైరైన వాణ్ని. ఈ పనికి నాకంటే తగని మనిషి దొరకడం కష్టం.

కల్లావి

మా ఒంగోలులో పిల్లల కోసం చికిత్సకు వెళ్లేవాళ్లు బెజవాడలో పెళ్లి ఉందని చెప్పి వెళతారు. ఆ అలవాటుతోనే, కల్లావిలో బస్సు దిగి దారి అడిగినప్పుడు, ఊరికే చూసిపోదామని వచ్చానని టీ అంగడాయనతో అన్నాను. ఆయన టీ గ్లాసు నా ముందు పెట్టి, "రేణుకమ్మకు గుడ్లు తీసేదానికి కదా సార్ మీరు వచ్చింది" అన్నాడు. టీ పది రూపాయలు. నా దగ్గర తీసుకోలేదు.

ఇంటికి వెళ్లేసరికి గడప దగ్గర గంప నిండా నాటుకోడి గుడ్లు ఉన్నాయి. గుడ్లు తీయాలంటే ముందు గుడ్లు పెట్టాలని ఊరు తీర్మానించుకుంది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ రెండో మూడో వచ్చాయి. రేణుక పొద్దున ఉడకబెట్టినవి, మధ్యాహ్నం పులుసులోవి, సాయంత్రం మళ్లీ ఉడకబెట్టినవి తింటోంది. తోడు వచ్చినవాడిగా నేనూ తిన్నాను.

ఆ ఇంటికి పెద్ద రేణుక అత్తగారు మునెమ్మ. రెండెకరాల మామిడి తోట, ఒక బావి, ఒక్కడే కొడుకు. కొడుకు మాదేశు హోసూరులో ఫ్యాక్టరీ పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటాడు. ఆదివారం ఇంటికి వస్తాడు, బట్టలు ఉతికించుకుని పోతాడు.

మునెమ్మకు వైద్యం గురించి ఒక సిద్ధాంతం ఉంది. రేణుకకు స్కానింగ్ చేసినప్పుడు తెర మీద నల్లటి గుండ్రాలు కనిపించాయట. అవి నీటి సంచులనీ, ఒక్కో సంచిలో ఒక్కో అండం పెరుగుతుందనీ ఆసుపత్రివాళ్లు చెప్పారు. మొదటిసారి పిండం ఎదగనప్పుడు, అండాల నాణ్యత బాగాలేదని కూడా చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపి మునెమ్మ తీర్పు రాసేసింది. బావి నీళ్లు ఉప్పయితే పైరెట్లొస్తాది, అని. అప్పటి నుంచి కోడలి లోపలి నీళ్లు బాగుచేసే పనిలో ఉంది. పొద్దున బార్లీ, పదకొండింటికి సబ్జా, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం ధనియాల కషాయం. రేణుక అన్నీ తాగేది. ఒక్క మాట ఎదురు చెప్పేది కాదు. ఊళ్లో ఎవరైనా అడిగితే మునెమ్మ దాపరికం లేకుండా చెప్పేది, మా కోడలు బంగారమే, నీళ్లే మంచివి కావు అని.

రేణుక నాతో ఒకటే మాట చెప్పింది. "ఇదే కడాసారి మామా. ఇంగ సూదులు నా చేత కాదు."

కావేరిపట్టణం

మర్నాడు నేరుగా హోసూరు వెళ్లాల్సింది. కావేరిపట్టణంలో తన చెల్లెలి ఇల్లు ఉండగా దిగకుండా పోతే మాట వస్తుందని మునెమ్మ అంది. దిగాం.

రేణుకకు మిగిలిన సూది మందు చల్లగా ఉండాలి. అందుకని ఒక ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, వాటి మధ్య మందును ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టి, ఆ ఫ్లాస్కు కాపలా నాకు అప్పగించారు. చెల్లెలి ఇంట్లో కాళ్లు కడుక్కోవడానికి నేను పెరట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అందరి చేతుల్లో చల్లటి నిమ్మకాయ నీళ్లు ఉన్నాయి. చాలా బాగున్నాయి. రెండో గ్లాసు తాగుతూ, ఇంట్లో ఫ్రిజ్ లేదు కదా, ఐసు ఎక్కడిదని అడిగాను. మీరు తెచ్చిందే కదన్నా, అంది మునెమ్మ చెల్లెలు. మందు పొట్లం కిటికీలో భద్రంగా ఎండకు ఉంది.

హోసూరు ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సు ఎంతసేపు బయట ఉందని అడిగింది. పరవాలేదు, వెంటనే మళ్లీ చల్లబరచండి అంది. ఆ చుట్టుపక్కల ఐసు దొరికేది చేపల అంగట్లో. ఆయన పెద్ద గడ్డ పగలగొట్టి ఇచ్చాడు, ఎందుకని అడిగి తెలుసుకుని డబ్బులు వద్దన్నాడు. ఆ దారిలో మాకు ఉచితంగా దొరికినవి చాలా ఉన్నాయి, అన్నిటి వెనుకా రేణుక కథను వినే హక్కు ఉంది. అక్కడి నుంచి హోసూరు దాకా నా పక్కన కూర్చున్న ప్రతి మనిషీ కాసేపటికి వేరే సీటు వెతుక్కున్నాడు.

కృష్ణగిరి

బస్సు మారడానికి ఆగాం. మామిడి కాలం. ఒంగోలువాడికి మామిడి అంటే బంగినపల్లి. ఇక్కడ లారీలకు లారీలు బెంగళూరా కాయలు, అంటే మన తోతాపురివి, రసం ఫ్యాక్టరీలకు పోతుంటాయి. పండు తినేదానికంటే డబ్బాలో పోసేది ఎక్కువ. గంపలు పెట్టుకున్న ఒకామె దగ్గర మునెమ్మ కోడలికి సెందూర రకం మామిడి పండు కొనబోయింది. వేడి చేస్తుందని పక్కనున్న పూలామె అడ్డుపడింది. పాలతో తింటే చేయదని బస్సు కండక్టరు అన్నాడు. మా అక్క కూతురు తినింది, కవలలు పుట్టినారని టికెట్టు కోసం నిలబడ్డ ఒకాయన తమిళంలో చెప్పాడు. పదిమంది వైద్యులు మూడు భాషల్లో వాదించుకున్నారు. ఈ జిల్లాలో మాట ఏ భాషలో మొదలైనా ఏ భాషలోనైనా ముగియవచ్చు, ఎవరూ దాన్ని గమనించరు. వాళ్లింకా తేల్చకముందే రేణుక పండు తినేసి చేతులు కడుక్కుంది.

హోసూరు

ఒంగోలులో ఆ నెలలో రోడ్డు మీద నడవలేం. హోసూరులో సాయంత్రానికి శాలువా కప్పుకున్నాను. సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి పూట అది పొరపాటనుకున్నాను, రెండో పూట అలవాటనుకున్నాను, మూడో పూట అడిగి ఇంకొంచెం పోయించుకున్నాను.

ఆటో డ్రైవరు, బస్టాండుకు వచ్చిన మాదేశుతో కలిపి మా నలుగురినీ, నా ఫ్లాస్కునూ చూసి ఎక్కడికని అడగలేదు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నగరంలో ఏ జంటకు ఎన్నోసారికి నిలిచిందో అతనికి తెలుసు. వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్నవాళ్లకు ఎక్కువగా కలిసొచ్చిందన్నాడు. మునెమ్మ నన్ను లేపి రేణుకను అక్కడ కూర్చోబెట్టింది.

చివరి సూది చెప్పిన వేళకు వేయించాం. అది వేశాక ఒకటిన్నర రోజుకు అండాలు తీసేయాలి. ఆలస్యమైతే అవి వాటంతట అవే సంచులు వదిలి వెళ్లిపోతాయి, ఇక దొరకవు. ఇది నర్సు మాకు చాలాసార్లు చెప్పింది.

అండాలు తీసే రోజు పొద్దున రేణుకను ఆకుపచ్చ గౌను వేసి లోపల కూర్చోబెట్టారు. మాదేశు కాఫీకని బయటికెళ్లాడు. హాలు నిండా ఆడవాళ్లు, గోడల నిండా నవ్వుతున్న పసిపిల్లల ఫొటోలు. ఒక నర్సు తలుపు తీసి, రేణుక హస్బెండ్ అని పిలిచి, ఎవరూ లేవకపోయేసరికి రేణుక సామానుతో కూర్చున్న నా దగ్గరకు వచ్చి చేతిలో ఒక చిన్న మూత డబ్బా పెట్టి, వరండా చివర గది చూపించి వెళ్లిపోయింది. లైబ్రరీలో ఎవరు ఏది ఇచ్చినా తీసుకుని దాని చోట పెట్టడం నా ఉద్యోగం. అలవాటుగా తీసుకున్నాను. అదేమిటో అర్థమయ్యాక కదలలేకపోయాను. పక్కనున్న ఆడవాళ్లు నా నెరిసిన తల చూసి, గౌరవంతో మొహాలు అటు తిప్పుకున్నారు. కాఫీ తాగి మాదేశు తీరిగ్గా వచ్చాడు.

"అది వానిది అన్నా, వానికిచ్చేయి" అంది మునెమ్మ. హాలు మొత్తానికి వినబడింది.

మూత చెంబు

కాసేపటికి ల్యాబు నుంచి శైలజ అనే డాక్టరు బయటికి వచ్చింది. చిత్తూరు అమ్మాయి, తెలుగులో మాట్లాడింది. అండాలనూ పిండాలనూ చూసుకునే పని ఆమెది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది; అండాలు తీయడానికీ, మిగిలేవాటిని ఏం చేయాలన్నదానికీ అందులోనే ఇద్దరి సంతకాలు కావాలి. సూదితో సంచిలోని నీళ్లను లాగుతామనీ, ఆ నీళ్లతో పాటు అండం వస్తుందనీ చెప్పింది. అండాన్ని కడిగి వేరే ద్రవంలో పెడతారు. మిగిలిన నీళ్లతో పని లేదు, పారేస్తారు. రేణుక, మాదేశు ఒప్పుకుంటే వాటిని పరిశోధనకు ఉంచుకుంటారు.

నేను అడిగితే ఆ నీళ్ల సంగతి చెప్పింది. అవి కొంత రక్తం నుంచి ఊరి వస్తాయి, కొంత సంచి గోడల కణాలు కలుపుతాయి. హార్మోన్లు, చక్కెర, కొవ్వులు, ప్రోటీన్లు అందులో ఉంటాయి. అండం పెరిగినన్నాళ్లూ అదే దాని ఇల్లు, అదే తిండి. అందుకే, ఆ నీళ్లలో ఏముందో చూస్తే అండం ఎలాంటిదో, పిండం ఎదుగుతుందో లేదో ముందే చెప్పవచ్చా అని లోకంలో చాలామంది వెతుకుతున్నారు. కొన్ని ఆనవాళ్లు దొరికాయి. ఒకచోట దొరికింది ఇంకోచోట నిలవడం లేదు. ఈ రోజుకైతే నీళ్లు చూసి బిడ్డను చెప్పలేమంది.

మునెమ్మ ఇదంతా శ్రద్ధగా వింది. విని, సంచిలోంచి ఒక స్టీలు మూత చెంబు తీసి శైలజ ముందు పెట్టింది. దారి పొడవునా అందులో మజ్జిగ ఉందనుకున్నాను. ఖాళీది.

"మిగిలిన నీళ్లు దీంట్లో పోసియ్యమ్మా. ఎత్తుకోని పోతాము."

ఆ ప్రాంతంలో కాన్పయ్యాక మావిని ఇంటి పెరట్లోనే పూడుస్తారు. పరాయి ఊళ్లో పడేస్తే బిడ్డ మనసు ఆ ఊళ్లోనే ఉండిపోతుందని నమ్మకం. మా వైపు కూడా ముసలివాళ్లు అలాంటిదేదో అనేవారు. మునెమ్మ లెక్కలో, గుడ్డు పెరిగిన నీళ్లు మావి కంటే ముందటివి కాబట్టి ఇంకా ముఖ్యం. మామిడి చెట్టు మొదట్లో పోయాలి. నమ్మనివాళ్ల కోసం ఆమె దగ్గర రుజువు ఉంది, పక్కనే నిలబడి ఉంది.

"వీడు పుట్టింది కృష్ణగిరిలో. మావి వాళ్లే యాడనో పారేసినారు. చూడు తల్లీ, పనికని హోసూరుకు పోయినాడు. ఇంటికొచ్చేది ఆదివారం, అదీ గుడ్డలు ఉతికేదానికి. ఇంగ వీని బిడ్డ నీళ్లు కూడా ఈడే పోస్తే, అది బెంగళూరుకు పోతాది."

శైలజకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఒంట్లోంచి తీసినది ఏదైనా బయటికి ఇవ్వకూడదని నియమం. పారేయాలన్నా ఒక పద్ధతి ప్రకారం పారేయాలి. ఆ మాట ఎంత మెల్లగా చెప్పినా, మునెమ్మకు వినబడింది ఒక్కటే. ఇవ్వరు. ఇవ్వకపోతే సూది వేయొద్దంది. చెంబు ఎత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చట్టం ప్రకారం ఆమె మాటకు విలువ లేదు. అక్కడ చట్టం కంటే ముందు మాదేశు ఉన్నాడు. పెన్ను పట్టుకుని తల్లి మొహం చూస్తూ నిలబడ్డాడు. సంతకం పెట్టడు, పెట్టనని అనడు. ఆపరేషన్ గది నుంచి పిలుపు వచ్చింది, మళ్లీ వచ్చింది. లోపల ఆ సంచులు ఇంకెంతసేపు ఆగుతాయో ఎవరికీ తెలియదు. విమల ఉంటే మునెమ్మ పక్కన కూర్చుని, ముందు వాళ్ల బావి గురించి మాట్లాడి, నెమ్మదిగా ఇటు తెచ్చేది. నాకు అది రాదు. కణాల గురించి చదివినది ఏదో చెప్పబోయాను.

"నువ్వు గమ్మునుండన్నా. ఎవురేమిచ్చినా చేతిలో పట్టుకుంటావు నువ్వు" అంది మునెమ్మ.

అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంది. గౌను వెనక ముడి చేత్తో పట్టుకుని రేణుక వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. గోడ పట్టుకుంది. ఆమె తన అత్త మొహంలోకి సూటిగా చూసి మాట్లాడటం నేను అంతకు ముందు చూడలేదు.

"పోయినసారి నీళ్లు ఎవురూ చూడలేదత్తా. చూడకనే నీళ్లు మంచివి కాదన్నారు. ఊరంతా అన్నారు. ఈసారి చూడనీ. తప్పు నీళ్లదో, నాదో, ఎవురిదీ కాదో చూడనీ. నా ఒంట్లోవి. నేను ఇస్తాను."

రేణుక కాగితం తీసుకుని గోడకు ఆనించి సంతకం పెట్టింది. మాదేశు తల్లి వైపు చూడకుండా దాని కింద పెట్టాడు. శైలజ ఆమెను చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

మునెమ్మ చెంబు మూత తీసి, హాలు మూలనున్న క్యాను దగ్గర నీళ్లు పట్టుకుని తాగింది. నాకూ ఇచ్చింది.

హోసూరు, ఇంకా

తొమ్మిది అండాలు దొరికాయి. మునెమ్మ అడిగింది సంఖ్య కాదు, నీళ్ల రంగు. ఎండుగడ్డి నానిన నీళ్ల రంగులో ఉన్నాయని, ఒక్క దాంట్లో మాత్రం ఎర్రగా వచ్చిందని శైలజ చెప్పింది. ఎరుపు మాట వినగానే మునెమ్మ మొహం వాడిపోయింది. సూది తగిలి కొంచెం రక్తం కలిసింది, అంతకు మించి అర్థం లేదంది శైలజ. పరిశోధన కోసం ఒక్కో సంచి నీళ్లనూ ఒక్కో గొట్టంలోకి విడిగా తీశారు. రక్తం కలిసినది లెక్కలు తప్పిస్తుందని దాన్ని పక్కన పెట్టేశారు.

మాదేశు గదిలో ఉన్నాం. ఫ్యాక్టరీ కుటుంబాలు ఉండే వరుస గదులు, ఉమ్మడి కుళాయి. మునెమ్మ రెండో రోజుకే కుళాయి దగ్గర ఎవరు ముందు పట్టుకోవాలో తీర్పులు చెప్పసాగింది. హోసూరు నీళ్లు చప్పగా ఉన్నాయంది, గాలి మంచిది కాదంది. కొడుకు గదిలో ఇన్నాళ్లూ దుప్పటి ఉతకలేదని కనిపెట్టింది. నేను సాయంత్రాలు పూల మార్కెట్టు దాకా నడిచేవాణ్ని. గులాబీలు కట్టలు కట్టలుగా పెట్టెల్లో సర్దుతుంటారు. ఒక కట్ట కొనబోయి, ఎవరికో తెలియక ఆగిపోయాను.

రోజూ ఫోను వచ్చేది, సంఖ్య తగ్గేది. తొమ్మిదిలో ఏడే పండాయి. అయిదు ఫలదీకరణ అయ్యాయి. మూడు మిగిలాయి. మాదేశుకు ఫ్యాక్టరీలో ఫోను పట్టుకోనివ్వరు కాబట్టి నా నంబరు ఇచ్చారు. ప్రతిసారీ ఆ అంకెను గది దాకా మోసుకెళ్లి రేణుకకు చెప్పడం నా పని. ఆమె విని తల ఊపి, బియ్యం ఏరుకునేది. బార్లీ, సబ్జా, కషాయం ఆగిపోయాయి. మునెమ్మ వాటి ఊసెత్తలేదు.

అయిదో రోజు ఫోను వచ్చినప్పుడు ముగ్గురం గదిలోనే ఉన్నాం. స్పీకరు పెట్టాను. ఒకటి నిలిచిందని శైలజ చెప్పింది. చక్కగా ఎదిగింది, గడ్డకట్టించి భద్రపరిచాం, రేణుక ఒళ్లు తేరుకున్నాక వచ్చే నెలలో లోపల పెడతాం. అది బిడ్డ అవుతుందని మాట ఇవ్వలేను, కానీ బాగుంది.

రేణుక చేట కింద పెట్టింది. "ఏ నీళ్లలోది మేడమ్?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. ఎర్రగా వచ్చిన గొట్టంలోది, అంది శైలజ. పరీక్షకు పనికిరాదని పక్కన పెట్టినది అదే. కాబట్టి ఆ నీళ్లలో ఏముందో ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

మునెమ్మ ఫోను దగ్గరికి వంగింది. ఆమె ప్రశ్న వేరు. "ఇప్పుడది యాడుంది తల్లీ?"

ఆసుపత్రిలో, చాలా చల్లటి ట్యాంకులో ఉందని శైలజ చెప్పింది. ఒక్కటేనా అని అడిగింది మునెమ్మ. లేదమ్మా, చాలామందివి ఉంటాయి, అంది శైలజ. వాళ్లంతా ఎట్లాంటివాళ్లో మనకేం తెలుసు, అంది మునెమ్మ.

తిరుగుదారి

మర్నాడు పొద్దున కృష్ణగిరి బస్సెక్కాం. మాదేశు సాగనంపడానికి వచ్చాడు. సామాను పైన పెట్టి, టికెట్లు కొన్నాక, మునెమ్మ లేచి తన సంచి దింపుకుంది.

"మీరు పోండి. నేను ఈడే ఉంటా."

ఒక నెల అని గుర్తు చేశాను. తోట ఉంది, కోత కాలం అన్నాను. కోత రేణుక చూసుకుంటుందంది. బిడ్డను ఊరు కాని ఊళ్లో, తెలియనివాళ్ల మధ్యన ఒంటరిగా పెట్టి ఎట్లా పోయేదంది. ఈ నెల రోజులు ఆసుపత్రి ముందు రోడ్డు మీదుగా రోజూ ఒకసారి పోయొస్తుందట. కిందనున్న మాదేశు మొహం చూడదగ్గదిగా ఉంది. తన గదిలో, తన దుప్పటితో, తల్లితో ఒక నెల.

అది ఇంకా బిడ్డ కాదని, కంటికి ఆనని కొన్ని కణాలని, మంచులో ఉందని, ఎవరు దగ్గరున్నారో దానికి తెలియదని చెప్పాను. ఆమె మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది.

"దానికి తెలియకుంటే ఏమన్నా. నాకు తెలుస్తాది కదా."

విమల చివరి వారమంతా స్పృహలో లేదు. రాత్రింబవళ్లు ఆసుపత్రిలో ఆమె పక్కనే కూర్చునే నన్ను ఒక నర్సు, ఆమెకు తెలియదు కదా సార్, ఇంటికెళ్లి పడుకోండి అంది. నేను కుర్చీని మంచానికి ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

ఇంకేమీ వాదించకుండా మునెమ్మ సంచి అందించాను. బస్సు కదిలింది. రేణుక తన అత్త ఖాళీ చేసిన కిటికీ సీట్లోకి జరిగి, తల బయటికి పెట్టి, దుప్పటి ఎండలో వేయమని అరిచింది. సరేలే పో అని మునెమ్మ చేయి ఊపింది. అప్పుడు రేణుక నవ్వడం మొదలుపెట్టింది, సూళగిరి దాటేదాకా నవ్వుతూనే ఉంది.